డొమెయిను పేరు గడువు : సంఘములు గమనింపవలసిన విషయము

మన సహకార సంఘములలో పెక్కింటికి నేడు కార్యాలయపు బోర్డుతో పాటు ఇంటర్నెట్టునందు గూడ ఒక పేరు కలదు. ధాన్యపు సంచుల మీదను, మామిడి పెట్టెల మీదను, రసీదు పుస్తకముల మీదను ఆ పేరు అచ్చువేయించుచున్నాము. దూరదేశపు వర్తకులు ఆ పేరును బట్టియే మనలను వెదకికొని ధరలు విచారించుచున్నారు. 2022 సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించిన పిమ్మట, ఇట్టి వ్యవహారము పల్లెలకు మరింత సమీపించినది.

ఈ పేరు ఒకనాటి యుదయమున మనది గాకుండ పోవచ్చును. అందులకు దొంగ రానక్కఱలేదు. కోర్టు డిక్రీయు నక్కఱలేదు. సంవత్సరపు రుసుము సకాలమున చెల్లింపకుండుటయే చాలును. గడువు దాటినను కొన్నాళ్ల వ్యవధి యుండుననెడి నమ్మకముతో నిశ్చింతగా నున్నవారు, ఆ వ్యవధి నడుమ తగ్గింపబడుటచే పేరు పోగొట్టుకొనుట కలదు. ఇది యెట్లు జరుగునో, దీనిని తప్పించుకొనుట యెట్లో సభ్యులకు విశదపఱచుటయే మా యుద్దేశము.

పేరు కౌలేగాని పట్టా కాదు

డొమెయిను పేరును “కొంటిమి” అని వాడుకగా చెప్పుకొందుము. నిజమునకు అది క్రయము గాదు, కౌలు. ఇంటర్నెట్టులోని యంత్రములకు అంకెలతో గూడిన చిరునామాలుండును. వానిని మనుష్యులు జ్ఞాపక ముంచుకొనజాలరు గనుక, పేర్లను అంకెలతో జతపఱచు నేర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. 1985 మార్చిలో మొదటి డాట్‌కామ్ పేరు నమోదయ్యెను. ఈ పేర్ల వ్యవహారమంతయు ఇప్పుడు మూడంచెలలో నడుచుచున్నది. అన్నిటికి పైన 1998లో స్థాపింపబడిన ఐకాన్ సంస్థ యున్నది. దాని క్రింద, డాట్‌కామ్ వంటి ఒక్కొక్క అంత్యభాగమునకు ఒక్కొక్క రిజిస్ట్రీ కలదు. డాట్‌కామ్‌నకు వెరిసైన్ కంపెనీయు, మన దేశపు డాట్‌ఇన్‌నకు నిక్సి యను సంస్థయు రిజిస్ట్రీలు. రిజిస్ట్రీకి క్రింద, మనవద్ద రుసుము పుచ్చుకొని పేరు నమోదు చేయు రిజిస్ట్రార్లున్నారు. ఈ రిజిస్ట్రారు సహకారశాఖ రిజిస్ట్రారు గాడు. కేవలము వ్యాపార సంస్థ. ఈ భేదమును సభ్యులు మనసునం దుంచుకొనవలెను.

సహకార సంఘములకే ప్రత్యేకింపబడిన డాట్‌కోఆప్ అను అంత్యభాగమును 2000 సంవత్సరమున ఐకాన్ ఆమోదించెను. తెలుగు లిపిలో డాట్‌భారత్ అనునది 2011లో ఏర్పడెను. ఏ అంత్యభాగమైనను కౌలు ధర్మము ఒక్కటియే. డాట్‌కామ్ వంటి వానికి ఒకమారు పది సంవత్సరములకు మించి కౌలు దొరకదు. రుసుము చెల్లించినంతకాలము పేరు మనది, చెల్లింపనిచో కాదు. ఎన్ని సంవత్సరములు సాగుచేసినను కౌలుభూమి స్వంతభూమి కానట్లే, ఎన్నేండ్లు వాడుకొన్నను డొమెయిను పేరు పట్టా కాదు.

గడువు దాటిన పిదప జరుగునది

డాట్‌కామ్, డాట్‌నెట్, డాట్‌ఆర్గ్ మున్నగు సామాన్య అంత్యభాగముల విషయములో క్రమ మిది. గడువు ముగియగానే రిజిస్ట్రీ ఆ పేరును రిజిస్ట్రారు ఖాతాకు ఖర్చు వ్రాసి తానే పొడిగించును. అటుపిమ్మట 45 దినములలోపల రిజిస్ట్రారు ఆ పేరును రద్దుచేసినచో, ఖర్చు వ్రాసిన సొమ్ము అతనికి వాపసు వచ్చును. ఈ 45 దినములలో నెన్ని దినములు తన ఖాతాదారునకు విడిచిపెట్టవలెనో రిజిస్ట్రారే నిర్ణయించుకొనును. భీమా ప్రీమియము విషయములో మనము గ్రేసు పీరియడ్ అనునట్టిదే యిది. కాని ఇందు ఖాతాదారునకు ఇన్ని దినములు తప్పక ఈయవలెనని నిర్ణయింపబడిన సంఖ్య లేదు. ఒక రిజిస్ట్రారు నలువది దినములు ఓర్చుకొనవచ్చును. మఱియొకడు పది దినములకే ముగింపవచ్చును. నేడు నలువది యిచ్చినవాడు రేపు ఇరువదికి తగ్గింపవచ్చును. మనము మొదట నంగీకరించిన ఒప్పందమునందే, షరతులను మార్చుకొను నధికారము తనకు గలదని యతడు వ్రాసికొని యుండుట సర్వసామాన్యము.

పేరు రద్దయిన పిదప 30 దినముల విమోచన కాలము కలదు. 2003 సంవత్సరమున డాట్‌కామ్ పేర్లకు ఈ యేర్పాటు అమలులోనికి వచ్చెను. తాకట్టు వస్తువును విడిపించుకొనునట్లు, పూర్వపు హక్కుదారు డీ కాలమున అధిక రుసుము చెల్లించి పేరును విడిపించుకొనవచ్చును. ఆ తరువాత అయిదు దినములు నిరీక్షణ. అనంతరము పేరు లోకమునకంతటికి విడుదలయగును.

ఇచ్చట పెక్కురు గ్రహింపని మెలిక యొకటి యున్నది. విమోచన కాలము పేరు రద్దయినప్పుడే ప్రారంభమగును. రిజిస్ట్రారు పేరును రద్దుచేయక, గ్రేసు దినములు ముగియగానే వేలమువేసి మఱియొకని ఖాతాకు మార్చినచో, విమోచన కాలము మనకు రానే రాదు. కావున “ఎట్లును డెబ్బదియైదు దినములు చేతిలో నున్నవి” అని లెక్కవేసికొనుట ప్రమాదకరము.

ఊహకు ఒక ఉదాహరణము చెప్పుదుము. ఒక సంఘము పేరునకు గడువు జూన్ 1వ తేది. రిజిస్ట్రారు 40 దినములు ఓర్చుకొనుట వారికి వాడుక. ఏరువాక రోజులు గనుక కార్యవర్గము జూలై మొదటి వారమున కూడి రుసుము మంజూరు చేయుట యేటేట జరుగుచున్నది. ఈ యేడు రిజిస్ట్రారు వ్యవధిని 18 దినములకు తగ్గించెను. అనగా జూన్ 19వ తేదితో తలుపు మూతపడినది. కార్యవర్గము జూలైలో తీర్మానించునాటికి పేరు వేలములో పరుల పాలయినది. సంఘమువారు ఏటివలెనే నడచుకొనిరి. మారినది వా రాధారపడిన వ్యవధి.

ఐకాన్ వారు 2013 ఆగస్టు 31 నుండి అమలుపఱచిన నియమముల ప్రకారము, రిజిస్ట్రారు గడువునకు సుమారు నెల ముందొకమారును, వారము ముందొకమారును, గడువు దాటిన అయిదు దినములలోపల మరొకమారును జ్ఞాపకపు జాబులు పంపవలెను. పునరుద్ధరణ రుసుములను, విమోచన రుసుమును ప్రకటింపవలెను. గడువు దాటి ఎనిమిది దినములైన పిదప రద్దుచేయు పేరునకు, పొడిగించుకొను నవకాశముగల కాలములో కడపటి ఎనిమిది దినములైనను పేరు పనిచేయకుండ నిలిపివేయవలెను. దానిని చూచియైనను హక్కుదారు మేల్కొనునని భావము. డాట్‌ఇన్ వంటి దేశీయ అంత్యభాగములకు ఈ నియమములు వర్తింపవు. ఆయా దేశపు రిజిస్ట్రీ నియమములే ప్రమాణము. యూరపు సమాఖ్యవారి డాట్‌ఈయూ పేర్లకు రద్దయిన పిదప 40 దినముల నిలుపుదల కాలము కలదు. ఒకచోటి యనుభవమును బట్టి మఱియొకచోట లెక్కవేయరాదు.

జాబులు పంపుట రిజిస్ట్రారు విధి. చదువుకొనుట మన విధి. సంఘము పని వదలి వెళ్లిన గుమాస్తా యొక్క సొంత ఈమెయిలునకు ఆ జాబులు పోవుచున్నచో వాని వలన ప్రయోజన మేమి? అంతకంటె చిత్రము, గడువు తీరిన పేరు మీదనే నడుచు ఈమెయిలును చిరునామాగా నిచ్చుట. పేరు నిలిచినప్పుడు ఈమెయిలును నిలుచును. హెచ్చరిక అందవలసిన నాడే అందదు.

పెద్ద సంస్థలకును తప్పలేదు

చిన్న సంఘములే ఇట్లు మఱచుననుకొనరాదు. 1999 డిసెంబరు నెలలో క్రిస్టమసు పండుగనాళ్ల మైక్రోసాఫ్ట్ కంపెనీ తన పాస్‌పోర్ట్ డాట్‌కామ్ పేరునకు రుసుము చెల్లింప మఱచెను. హాట్‌మెయిల్ ఖాతాదారులు పెక్కురు తమ ఉత్తరములు తెఱచుకొనలేకపోయిరి. కంపెనీతో సంబంధములేని ఒక ప్రోగ్రామరు కారణము కనిపెట్టి తన సొంత కార్డుతో 35 డాలర్లు చెల్లించుటచే ఇబ్బంది తీరెను.

2016 జూన్‌లో జరిగినది యింకను గంభీరము. చెవిటివారికి వీడియో ద్వారా టెలిఫోను సంభాషణ సమకూర్చు సోరెన్‌సన్ అను అమెరికా సంస్థ ఒక డొమెయిను పేరును పొడిగించుకొనకపోవుటచే సేవ నిలిచిపోయెను. ఆపత్సమయమున సహాయమునకై చేయు పిలుపులకును ఆటంకము గలిగెను. 2017లో ఆ సంస్థ జుర్మానాతోను, తిరిగి చెల్లింపులతోను కలిపి దాదాపు 30 లక్షల డాలర్లు చెల్లించుటకు ప్రభుత్వ కమీషనుతో ఒడంబడిక చేసికొనవలసి వచ్చెను. డాట్‌కామ్ పేరునకు రిజిస్ట్రీ పుచ్చుకొను సంవత్సరపు టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లుగా నుండెను. ఎంత స్వల్పపు రుసుము, ఎంతటి నష్టము!

పరుల చేత బడిన పేరు

పేరు పోయినచో వెబ్‌సైటు కనబడకుండుట యొక్కటే నష్టము గాదు. సంచుల మీద అచ్చయిన పేరు అట్లే యుండును. దానిని నమ్మి వచ్చువాడు పరుల గుమ్మమునకు చేరును. అచ్చట మన సంఘము పేరుతోనే మఱియొకరి యూపీఐ కోడు నిలిపినచో సొమ్ము వారికి జమపడును. ఆ పేరు మీది ఈమెయిళ్లును వారికే చేరును. బ్యాంకు, పన్నుల ఖాతాల సంకేతపదము మఱచితిమని కోరినచో వచ్చు జాబు గూడ ఆ ఈమెయిలునకే వచ్చును గదా! ఇంటి పేరుపలకతోపాటు తాళపుచెవులును అప్పగించిన ట్లగును.

మఱల సంపాదించుటయు సులభము గాదు. వేలములో కొన్నవాడు న్యాయముగానే కొన్నవాడు కావచ్చును. 1999 నుండి అమలునందున్న ఐకాన్ వివాద పరిష్కార పద్ధతి ప్రకారము మూడు విషయములు రుజువు పఱుపవలెను: ఆ పేరు మన వ్యాపారచిహ్నమును పోలియున్నదనియు, ప్రతివాదికి దానిపై న్యాయమైన హక్కు లేదనియు, దురుద్దేశముతో దానిని నమోదుచేసి వాడుచున్నాడనియు. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ యెదుట ఒకే పేరును గూర్చి ఏకసభ్య విచారణకు రుసుము 1,500 డాలర్లు. వ్యాపారచిహ్నమే లేని సంఘమునకు మొదటి మెట్టుననే కాలు జారును. డాట్‌ఇన్ పేర్లకు మన దేశమున వేఱుగా మధ్యవర్తిత్వ పద్ధతి కలదు.

సంఘములు చేయవలసినది

మొదటిది: గడువు దినమునే కడపటి దినముగా భావింపవలెను. గ్రేసు దినములు హక్కు గాదు, వ్యాపారి చూపు వెసులుబాటు. రెండు మూడు నెలలు ముందుగా రుసుము చెల్లించినను నష్టములేదు. క్రొత్త కాలము పాత గడువు నుండియే లెక్కకు వచ్చును. వీలైనచో అయిదేండ్లకో పదేండ్లకో ఒకేమారు చెల్లించుట మేలు. అయినను ఏటేట తనిఖీ మానరాదు.

రెండవది: పేరు సంఘము పేరనే నమోదు కావలెను. వెబ్‌సైటు కట్టియిచ్చినవాని పేరనో, కార్యదర్శి సొంత పేరనో ఉండరాదు. వేఱు డొమెయిను మీద నున్న ఈమెయిలును, ఇద్దరు బాధ్యుల టెలిఫోను నంబరులను నిచ్చి, బాధ్యులు మాఱినప్పుడెల్ల వానిని మార్పించవలెను.

మూడవది: డొమెయిను పేరు, రిజిస్ట్రారు, గడువు తేది, గ్రేసు షరతులు స్థిరాస్తుల రిజిస్టరులో వ్రాసి, ఆడిటు సమయమున చూపవలెను. షరతులు మాఱినవని రిజిస్ట్రారు నుండి జాబు వచ్చినచో అది ప్రకటనకాగితము గాదని తలచి చదువవలెను.

నాల్గవది: కార్డు నుండి సొమ్ము తనంతట చెల్లిపోవునని నిశ్చింతగా నుండరాదు. కార్డు గడువు తీరవచ్చును. రిజర్వుబ్యాంకు నియమముల ప్రకారము 2021 అక్టోబరు 1 నుండి, ముందుగా అనుమతి నమోదు కాని మరలమరల చెల్లింపులు త్రోసిపుచ్చబడుచున్నవి.

అయిదవది: క్రొత్త పేరునకు మాఱినను పాత పేరును వెంటనే విడువరాదు. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల డాట్‌బ్యాంక్ డాట్‌ఇన్ పేర్లకు మాఱవలెనని రిజర్వుబ్యాంకు ఉత్తరువు చేసెను. ఆ పేర్ల నమోదు హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగింపబడినది. ఇట్లు మాఱిన బ్యాంకులు పాత పేర్లను కొన్నేండ్లు పోషింపకున్నచో, వానిని పరులు చేజిక్కించుకొని అలవాటు పడిన ఖాతాదారులను మోసగింపవచ్చును.

ఇంతచేసినను గడువు దాటిపోయినచో, క్షణము జాగుసేయక రిజిస్ట్రారునకు వ్రాయవలెను. ఐకాన్ వారు ఉచితముగా నడుపు శోధన పుటలో డాట్‌కామ్ వంటి పేర్ల స్థితి తెలియును. “రిడెంప్షన్ పీరియడ్” అని యున్నచో అధిక రుసుముతో విడిపించుకొన వీలున్నది. “పెండింగ్ డిలీట్” అని యున్నచో ఆ యవకాశమును గడచినది.

ఒప్పందములోని ఒక్క వాక్యము మార్చి ఖాతాదారుల వ్యవధిని తగ్గించు రిజిస్ట్రారు, ఆ మార్పును ప్రస్ఫుటముగా తెలియజేయుట న్యాయము. కాని ఆ న్యాయమునకై ఎదురుచూచుచు ఆస్తిని గాలికి వదలుట వివేకము గాదు. ఒంటరి సంఘమునకు భారమైన పని పది సంఘములు కూడినచో సులభమగును. జిల్లా యూనియనులు తమ సభ్యసంఘముల పేర్లకు, గడువులకు ఒక పట్టిక నుంచి, గడువునకు మూడు నెలలు ముందుగా కార్డు వ్రాయు నేర్పాటు చేసినచో ఖర్చు స్వల్పము, ఫలము మిక్కుటము. అంతవరకు ప్రతి సభ్యుడును రాబోవు సర్వసభ్య సమావేశమున కార్యదర్శిగారిని రెండు ప్రశ్న లడుగవలెనని కోరుచున్నాము: మన పేరు ఎవరి పేర నమోదైనది? దాని గడువు ఏ తేదితో ముగియును? ఈ రెంటికిని సమాధానము రిజిస్టరు తెఱచి చూపగల సంఘమునకు, రిజిస్ట్రారు వ్యవధిని ఎంత తగ్గించినను భయములేదు.