రాస్ జన్యువు: కణితిలోనూ, పసిమెదడులోనూ

1982 నవంబరులో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనకు మొదటి రచయిత ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన తెలుగువాడు, ఈ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని హెచ్‌రాస్ జన్యువునూ, మామూలు కణాల్లోని అదే జన్యువునూ ఆయన బృందం అక్షరం అక్షరం పోల్చి చూసింది. మామూలు జన్యువులో జీజీసీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు ఉన్నచోట క్యాన్సర్ కణంలో జీటీసీ ఉంది. ఆ ఒక్క అక్షరం మారినందుకు ప్రోటీన్ పన్నెండో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి వేలిన్ వచ్చింది. రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం కూడా అదే సమయంలో ఇదే తేల్చింది. మనిషి కణాన్ని క్యాన్సర్ దారి పట్టించే మార్పు ఫలానా అక్షరంలో ఉందని వేలు పెట్టి చూపించడం అదే మొదలు.

ఈ జన్యువు తయారుచేసే రాస్ ప్రోటీన్‌ను చెరువు తూముకున్న షట్టర్ అనుకోండి. కణం పెరగాలని బయటినుంచి కబురొస్తే తెరుచుకుంటుంది, పనయ్యాక మూసుకుంటుంది. పన్నెండో స్థానం చెడితే ఇక మూసుకోదు. కణం ఆగకుండా విభజన చెందుతూనే ఉంటుంది.

క్యాన్సర్ గురించి చదివినవాళ్లకు ఇంతవరకు తెలిసిన కథే. నన్ను కట్టిపడేసింది దీని రెండో సగం. 2005లో జపాన్ పరిశోధకులు కాస్టెల్లో సిండ్రోమ్ అనే అరుదైన పుట్టుక లోపానికి కారణం వెతికితే, దొరికింది ఇదే హెచ్‌రాస్. ఎక్కువమంది పిల్లల్లో మార్పు ఉన్నది అదే పన్నెండో స్థానంలో! కాకపోతే అక్కడ వేలిన్‌కు బదులు సెరిన్ ఉంది, దెబ్బ కొంచెం మెత్తనిది. పెద్దయ్యాక ఒక కణంలో వచ్చే మార్పు కణితికి దారి తీయవచ్చు. అదే దారిలోని మార్పు పిండదశ నుంచే ఒంట్లోని ప్రతి కణంలో ఉంటే గుండె, ఎత్తు, ముఖం, మెదడు అన్నీ వేరుగా తయారవుతాయి. ఈ పిల్లల్లో కణితుల ముప్పు కూడా ఎక్కువే.

ఈ రెండు సగాల్లోనూ పనిచేసినవాడు కుచెర్లపాటి రాజు. కాకినాడలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి అమెరికా వెళ్లి, తర్వాత హార్వర్డ్‌లో ఆచార్యుడయ్యాడు. మనిషి కణంలో కోరుకున్న చోటే డీఎన్ఏను చొప్పించి చూపిన 1985 నాటి పరిశోధనలో ఆలివర్ స్మితీస్‌తో పాటు ఆయన పేరూ ఉంది. ఆయన వ్యవస్థాపకుల్లో ఒకడైన అబ్‌జెనిక్స్ కంపెనీ, మనిషి యాంటీబాడీలు తయారుచేసే ఎలుకలను రూపొందించింది. వాటినుంచి వచ్చిన పానిటుముమాబ్ మందుకు పెద్దపేగు క్యాన్సర్ కోసం 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ మందు షట్టర్ తెరవమని వచ్చే కబురును అడ్డుకుంటుంది. కణితిలో రాస్ జన్యువే చెడి షట్టర్ తెరుచుకుని ఉండిపోతే ఏం లాభం? అందుకే ఈ మందు రాసేముందు రాస్ పరీక్ష చేయిస్తారు. ఇక 2007లో ఆయన బృందం, కాస్టెల్లో లాంటిదే మరో పుట్టుక లోపమైన నూనన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎస్ఓఎస్1 జన్యువు మార్పులను పట్టుకుంది. రాస్‌ను తెరిచే ప్రోటీన్ అదే.

నూనన్ ఉన్న పిల్లల్లో ఆటిజం లక్షణాలు మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. అలాగే కణం పెరుగుదలకు కళ్లెం వేసే టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువుల్లో ఏదో ఒకటి చెడి, ఒంట్లో కణితులు పుట్టించే ట్యూబరస్ స్క్లిరోసిస్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఆటిజం ఉంటుంది. ఆటిజం ఉన్న బిడ్డకు క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. ఆ భయం ఏ తల్లీ పెట్టుకోనక్కరలేదు. చాలామంది ఆటిజం పిల్లల్లో ఒకే జన్యువును కారణంగా చూపలేం. కానీ తల బాగా పెద్దగా ఉన్న కొందరు ఆటిజం పిల్లల్లో, కణితులను అడ్డుకునే పీటెన్ జన్యువు లోపం ఉంటుంది. అదే లోపం పెద్దయ్యాక రొమ్ము, థైరాయిడ్ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. అలాంటి బిడ్డ విషయంలో జన్యువు పేరు తెలిస్తే జీవితాంతం ఏమేం పరీక్షలు చేయించుకోవాలో తెలుస్తుంది.

ఖమ్మం దాటి భద్రాచలం, అక్కణ్నుంచి చర్ల, దుమ్ముగూడెం కోయగూడేల దాకా ఈ విజ్ఞానం చేరాలంటే అడ్డం దూరం ఒక్కటే కాదు. ప్రపంచంలో ఇప్పటిదాకా చదివిన జన్యుక్రమాల్లో సింహభాగం ఐరోపా మూలాలవాళ్లవి. కోయ బిడ్డ జన్యువులో కనిపించిన మార్పు జబ్బుదా, ఆ తెగలో అందరికీ ఉండే నిరపాయమైనదా అన్నది చెప్పాలంటే పోల్చుకోవడానికి వాళ్ల జన్యుక్రమాలే కావాలి. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన మన సముదాయాల్లో వాటికే ప్రత్యేకమైన జన్యులోపాలు ఉండే అవకాశం ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో చూపాయి. కోయలనూ కొండరెడ్లనూ వాళ్ల భాషలో అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే నమూనాలు తీసుకుని ఈ కొరత తీర్చాలి.

అంతవరకూ చేతిలో ఉన్నవి కొలత టేపూ స్టెతస్కోపూ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని చూడాలి. తల చుట్టుకొలత మరీ ఎక్కువగా ఉండి మాటలు ఆలస్యమైన బిడ్డ కనిపిస్తే, లేదా ఎత్తు పెరగక, కళ్లు ఎడంగా, చెవులు కిందికి ఉండి, గుండెలో మర్మర్ వినిపిస్తే, స్పీచ్ థెరపీకి పంపి ఊరుకోవద్దనీ, జన్యు పరీక్షకు కూడా రాయాలనీ ఆ బృందాల్లోని డాక్టర్లను కోరుతున్నాను.