కొబ్బరిచెట్టు కూలకముందే లెక్క రాయాలి

ఉద్దానంలో కొబ్బరిచెట్టుని కన్నకొడుకుతో పోలుస్తారు. కొడుకు పోతే ఊరంతా వస్తుంది. చెట్టు పోతే మాత్రం పుస్తకం పట్టుకుని లెక్క రాసుకునేవాడొక్కడే వస్తాడు. ఆ పుస్తకంలో ఎవరి పేరు ఎక్కుతోంది, ఎవరి పేరు ఎక్కడం లేదు అన్నది కూలినాలి చేసుకునే మనం ఆలోచించవలసిన సంగతి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస ఎటు వెళ్ళినా నేలకొరిగిన కొబ్బరి, వేళ్ళతో లేచిపోయిన జీడిమామిడి. అంతకు ముందు 2013లో ఫైలిన్ వచ్చింది. 2014లో హుద్‌హుద్ విజయనగరం జిల్లా భోగాపురం, పూసపాటిరేగ తోటల్నీ వదల్లేదు. తిత్లీ తర్వాత చెట్టుకి 1,500 రూపాయల పరిహారమని మొదట ప్రకటించారు. 2019లో ప్రభుత్వం మారాక దాన్ని 3,000కి పెంచారు. మంచిదే. కాని చెట్టు ఎవరి పట్టాలో ఉంటే డబ్బు వారి పేరిట పడుతుంది. ఆ చెట్టెక్కి కాయ దింపేవాడు, కాయ ఒలిచేవాడు, పీచు తీసే ఆడకూలీ, ఈనెలు చీరి చీపుర్లు కట్టుకునే ముసలమ్మ, వీళ్ళెవరూ జాబితాలో లేరు. కౌలుకి చేసినవాడి పేరు కూడా చాలాచోట్ల లేదు. ఆ రోజుల్లో నేను తిరిగిన ఊళ్ళలో ఒకటే మాట: "చెట్టు ఆలదే గాని, కూడు మాది గాదేటి బాబూ?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన అధికారి నాకు కనపడలేదు.

గాలివాన ఒక్కరోజుది. దాని వెనకాల వచ్చే పురుగు ఏళ్ళ తరబడిది. పడిపోయిన మాను కుళ్ళితే కొమ్ముపురుగు అందులో గుడ్లు పెడుతుంది. పేడకుప్ప కూడా దానికి పుట్టిల్లే. పెరిగిన పురుగు బతికున్న చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోతుంది. తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెర వేసి కత్తిరించినట్టుంటుంది. ఆ కన్నంలోనే ఎర్రముక్కుపురుగు గుడ్లు పెడితే చెట్టు బతకడం కష్టం. తిత్లీకి పడిన మానులు ముక్కలు చేయించి తీయించే స్థోమత చిన్నరైతుకి లేక అవి ఏళ్ళకేళ్ళు తోటల్లోనే పడున్నాయి. అంటే ఒకడి పేదరికం పక్కవాడి చెట్టుని తినే పురుగుకి మేతైంది. గట్టు చూసి ఆగే పురుగు ఎక్కడైనా ఉందా?

ఇక తెల్లదోమ. ఆకు అడుగున సుడులు తిరిగినట్టు గుడ్లు పెడుతుంది గనుక సర్పిలాకార తెల్లదోమ అంటున్నారు. మనదేశంలో 2016లో తమిళనాడు పొల్లాచి ప్రాంతంలో మొదట కనపడింది. అక్కణ్ణించి కేరళకీ ఆంధ్రాకీ పాకింది. అది వదిలే తేనెలాంటి జిగురు మీద నల్లబూజు పట్టి ఆకులు మసిపూసినట్టవుతాయి. చెట్టు వెంటనే చావదు గాని నీరసిస్తుంది, కాపు తగ్గుతుంది. రైతు కంగారుపడి మందులషాపుకి పరిగెత్తుతాడు. షాపువాడికి కావలసిందీ అదే. ఐతే తెల్లదోమ పిల్లలో తన గుడ్డు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగ ఒకటుంది, పేరు ఎన్‌కార్సియా. విషం కొడితే దోమకన్నా ముందు మనకి పనిచేసిపెట్టే ఆ కందిరీగ చస్తుంది. ఆకు అడుగుని నీళ్ళతో గట్టిగా కొట్టడం, జిగురు పూసిన పసుపు అట్టలు కట్టడం, ఐసేరియా అనే బూజుమందు చల్లడం మేలని శాస్త్రజ్ఞుల సలహా. కోనసీమలో అంబాజీపేట పరిశోధనాకేంద్రం ఈ బూజుమందుని తయారుచేసి రైతులకిచ్చింది. కాని ఒక తోటలో నీళ్ళు కొట్టి, పక్కనున్న విశాఖపట్నం ఆసామీ తోట వదిలేస్తే ఆ కూలిడబ్బులు ఇసకలో పోసినట్టే.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. అమెరికా పట్టణాల్లో ఒకప్పుడు వీధుల వెంట ఎల్మ్ చెట్లుండేవి. తెగులొచ్చి అవి పోతే, వాటి స్థానంలో చాలాచోట్ల యాష్ అనే చెట్టొక్కటే బారులు తీర్చి నాటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఆసియానుంచి వచ్చిన పచ్చపురుగుని యాష్ చెట్లలో గుర్తించారు. ఆ తర్వాత కోట్ల చెట్లు చచ్చాయి. కొన్ని ఊళ్ళు ముందే వీధివీధీ తిరిగి చెట్టుచెట్టూ రాసుకున్నాయి. దేనికి మందు వేసి నిలబెట్టాలి, దేన్ని ఏ ఏడు కొట్టాలి, ఆ చోట వేరే ఏ జాతులు నాటాలి అన్నది నిర్ణయించుకున్నాయి. చచ్చేదాకా చూసిన ఊళ్ళకి ఖర్చూ పెరిగింది, ప్రమాదమూ పెరిగింది. ఎండిన యాష్ పెళుసెక్కి ఎక్కినవాడి ప్రాణం మీదకి తెస్తుంది. అక్కడ చెట్టు ఎక్కువగా నీడకోసం. మనకి కూటికోసం. మనం ఇంకా ముందు మేలుకోవాలి గదా!

తుపాన్లు ఎక్కువగా అక్టోబరులో. కాబట్టి లెక్క వేసవిలోనే జరగాలి, గ్రామసభ పేరున జరగాలి. చెట్లెన్ని, లేతవెన్ని, ముదురువెన్ని, మొవ్వులో కన్నమున్నవెన్ని, చచ్చినమాను ఎక్కడుంది, పట్టా ఎవరిది, సాగు ఎవరిది అన్నీ రాయాలి. అధికారి కిందనుంచి తలెత్తి చూసి రాస్తాడు. మొవ్వుదాకా వెళ్ళి చూసేవాడు దింపు కార్మికుడొక్కడే. ఏ చెట్టు లోపల డొల్లయిందో వాడి అరికాలికి తెలుసు. ఆ తెలివికి ఇంతవరకు ఎవడూ పైసా ఇవ్వలేదు. తనిఖీ చేసిన రోజుకి వాడికి కూలి కట్టివ్వాలి, ఊరికే పిలవగూడదు. చచ్చినమాను కోసి తీయడం, పేడగుంటల్లో కొమ్ముపురుగుని చంపే పచ్చబూజు కలపడం, నారు పెంచడం, ఇవన్నీ పనిదినాలే. వీటిని ఉపాధి పనుల్లో చేర్చమని అడగాలి.

పేచీ లేకపోలేదు. చెట్టు తుపానుకి పడితే పరిహారం, మనమే కొడితే సున్నా. అందుకే రైతు రోగపుచెట్టుని కూడా కొట్టనివ్వడు, గాలికోసం ఎదురుచూస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభంలేదు. గ్రామసభ తీర్మానం మీద కొట్టిన చెట్టుకీ పరిహారం ఇవ్వాలన్న డిమాండు రైతుసంఘం, మన సంఘం కలిసి పెట్టవలసింది.

కొత్త మొక్క మాటకొస్తే, దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. గోదావరి గంగ లాంటి సంకరరకం నాలుగేళ్ళకి వస్తుంది. ఈలోగా కుటుంబం ఏం తినాలి? ఎనిమిది మీటర్ల ఎడంలో వేస్తే మధ్యలో పసుపు, కంద, అనాస పండించుకోవచ్చు. అరటి, జామ మీద కూడా తెల్లదోమ బతుకుతుంది గనుక అవి వేసేవాళ్ళు జాగ్రత్తపడాలి. గట్ల మీద పనస ఉద్దానానికి కొత్తకాదు. అంతా కొబ్బరే వేస్తే యాష్ కథే.

ఈ వేసవిలో కొన్ని ఊళ్ళలో మాట్లాడాం. పుస్తకంలో చివరి గడి దింపేవాడి పేరుకి ఉంచమన్నాం, పరిహారంలో వాళ్ళకీ వాటా అడగాలంటే ఆ పేరు కావాలి. చెట్ల లెక్కకి చాలామంది రైతులు సరేనన్నారు. ఆ చివరి గడికి మాత్రం కొందరు ఇంకా ఒప్పుకోలేదు.