పాత ఎంటీబీకి కొత్త ఫోర్కు.. లెక్క చూశాకే మార్చండి!

షాకబ్జర్ పాడైన గేర్ల సైకిల్‌ను పాత ఇనుముకు వేసేముందు ఓసారి టేపు తీసుకుని దాని పక్కన కూర్చోండి. రోజువారీ ప్రయాణం ఖర్చు తగ్గడమే కాదు, ఇంటర్వ్యూలో ధైర్యంగా చెప్పుకోదగ్గ ప్రాజెక్టూ చేతికొస్తుంది.

ఇంటర్‌లో పట్టుబట్టి కొనిపించుకున్న గేర్ల సైకిల్ ఇప్పటికీ ఇంటి వెనక ఎక్కడో ఆనించే ఉంటుంది. 26 అంగుళాల చక్రాలు, ముందు స్ప్రింగు ఫోర్కు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో దానితో మళ్లీ అవసరం పడుతుంది. కోనసీమలో ఆత్రేయపురం మండలం వాడపల్లినే తీసుకోండి. కోచింగ్‌కు వెళ్లాలన్నా, ఇంటర్వ్యూకు బయల్దేరాలన్నా ముందు రావులపాలెం చేరి హైవే మీద బస్సెక్కాలి. శనివారమైతే ఏడు వారాల మొక్కు తీర్చుకునే భక్తులతో వెంకన్న గుడి దారంతా కిక్కిరిసిపోతుంది. జీతం ఇంకా మొదలవని చేతికి రోజూ ఆటో ఖర్చు బరువే. ఆడే సైకిల్ ఉంటే ఆ మేరకు నిశ్చింత.

షాపుకు వెళ్తే ‘షాకబ్జర్ పోయింది, ఫోర్కు మార్చాలి’ అంటారు. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా, పెద్ద చక్రాలూ వేసేద్దాం’ అని స్నేహితుడు సలహా ఇస్తాడు. రెండింటికీ తలూపే ముందు లెక్క చూద్దాం.

అసలు షాకబ్జర్ కావాలా?

మౌంటెన్ బైకులు 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కొండల్లో పుట్టాయి. అప్పుడు వాటికి స్ప్రింగుల్లేవు. లావు టైర్లు, గట్టి ఫోర్కులే. ముందు చక్రానికి సస్పెన్షన్ రావడం 1990 ప్రాంతంలో మొదలైంది. మన దారులేమో చదును డెల్టా. లొల్ల లాకుల వైపు వెళ్లినా, గోదావరి గట్టెక్కినా రాళ్ల లోయలు తగలవు. గతుకులు, దుమ్ము, వానాకాలంలో జిగట బురద.. అంతే. చవక స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల దాకా తూగుతుంది. స్టీలు రిజిడ్ ఫోర్కు కిలో పైచిలుకు. ఆ గతుకులకు గాలి సరిగ్గా ఉన్న లావు టైరే సగం షాకబ్జర్.

అయితే ఓ మెలిక ఉంది. మీ ఫోర్కు తుప్పుపట్టి బిగుసుకుపోయి, ఊగకుండా ఉంటే అది ఇప్పటికే రిజిడ్ ఫోర్కులా పనిచేస్తున్నట్టే. బరువు తప్ప తొందరేం లేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. కాళ్లలో కటకటమని ఆట కనిపిస్తే మాత్రం మార్చాల్సిందే. ఆ ఆట హ్యాండిల్ కప్పుల దగ్గర ఉంటే తప్పు ఫోర్కుది కాదు, గోళీలది. అది చిన్న రిపేరుతో పోతుంది.

పొడవే ప్రాణం

ఫోర్కు కొనేటప్పుడు అందరూ రంగు, బ్రాండు చూస్తారు. చూడాల్సింది పొడవు. ఫోర్కు పైభాగంలో కింది గోళీల రింగు కూర్చునే చోటి నుంచి ఇరుసు మధ్య వరకు కొలవండి. సైకిల్ భాషలో దీన్ని యాక్సిల్ టు క్రౌన్ అంటారు. అది 450 మి.మీ. వచ్చిందనుకుందాం. మీరు ఎక్కి కూర్చుంటే స్ప్రింగు సుమారు 15 మి.మీ. కుంగుతుంది. ఫ్రేము నడిచే అసలు పొడవు 435. రిజిడ్ ఫోర్కు కుంగదు కాబట్టి మీకు కావాల్సింది ఈ 435కు దగ్గర్లో ఉన్నది. సస్పెన్షన్ ఫ్రేములకు సరిపోయేలా చేసిన రిజిడ్ ఫోర్కులు విడిగా దొరుకుతాయి, అడిగి తీసుకోండి. పాతకాలపు 26 అంగుళాల రిజిడ్ ఫోర్కులు చాలావరకు 390-400 దగ్గర ఉంటాయి. అదే కొంటే 35 మి.మీ. పైగా తేడా.

తేడా వస్తే ఏమవుతుంది? రెండు ఇరుసుల మధ్య దూరం 1,050 మి.మీ. అనుకోండి. ముందు భాగం 20 మి.మీ. దిగితే 20ని 1,050తో భాగించండి. వచ్చేది 0.019 రేడియన్లు, అంటే దాదాపు ఒక డిగ్రీ. స్టీరింగ్ కోణం 71 నుంచి 72 డిగ్రీలకు నిటారవుతుంది. చక్రం నేలను తాకే బిందువు, స్టీరింగ్ రేఖ నేలను తాకే బిందువు.. ఈ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. అది సుమారు 70 మి.మీ. నుంచి 64కు తగ్గుతుంది. పెడళ్లు కూడా 8 మి.మీ. దాకా నేలకు దగ్గరవుతాయి. ఇరవైకే ఇంత మార్పంటే 35కు ఎంతో మీరే లెక్కేయండి. చేయి కాస్త కదిలినా హ్యాండిల్ తిరిగిపోతుంది. పక్కనే కాలువ ఉన్న గట్టు మీద అది సరదా కాదు.

మరీ పొడవైన ఫోర్కూ వద్దు. స్టీరింగ్ బద్ధకిస్తుంది. ఫ్రేము ముందు గొట్టం అతుకుల మీద తయారీదారు అనుకోనంత ఒత్తిడి పడుతుంది.

26, 27.5, 29.. ఏది?

చక్రం విషయంలో పేర్లు మోసం చేస్తాయి. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మి.మీ. అంకె ఒక్కటే నిజం. మీ ఎంటీబీ 26 అంటే 559. అదే 26 అని రాసి ఉన్నా 26×1⅜ టైరుకు 590. ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకు ఎక్కదు. కొండగుర్తు ఏంటంటే.. 1.95, 2.125లా దశాంశం ఉంటే ఎంటీబీది, భిన్నం ఉంటే వేరే జాతి. 27.5 అంటే 584. 29, 700సి రెండూ 622. ఇంట్లో తాతగారి 28×1½ సైకిల్‌ది 635.

ఇప్పుడు పెద్ద చక్రం లెక్క. 26 నుంచి 27.5కు వెళ్తే రిమ్ము అంచు 12.5 మి.మీ. బయటికి జరుగుతుంది. 700సి అయితే 31.5 మి.మీ. మీది వి-బ్రేకు అయితే రబ్బర్లు రిమ్మును అందుకోవు. అంటే బ్రేకే ఉండదు! డిస్క్ బ్రేకులకు ఆ చిక్కు లేదు. అయినా వెనక ఫ్రేములో చోటుండాలి. 26×1.95 టైరు మొత్తం వ్యాసం సుమారు 659 మి.మీ., 700×35 అయితే 692. సైకిల్ 16 మి.మీ. పైకి లేస్తుంది. చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. ఎండలో బాగానే తిరుగుతుంది. వానాకాలంలో గట్టు బురద ఆ సందులో ఇరుక్కుంటే చక్రం తిరగనే తిరగదు. హ్యాండిల్ తిప్పినప్పుడు టైరు కాలి బొటనవేలికి తగిలే ప్రమాదమూ ఉంటుంది.

చివరి ప్రశ్న.. ఉదయం ఏడింటికి పంక్చరై ట్యూబు చిరిగితే మీ దారిలోని షాపులో ఏ సైజు దొరుకుతుంది? ఇంటర్వ్యూ రోజున ఈ ప్రశ్నే మిగతావాటన్నింటి కంటే పెద్దది. పాత 26కు నా ఓటు 26కే. డబ్బు మిగిలితే మధ్యలో నున్నగా, అంచుల్లో గళ్లుండే మంచి టైర్ల జత వేయండి. తొక్కుడులో తేడా అప్పుడే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

సైకిల్ ఫోర్కు మార్చినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ ‘నువ్వు సొంతంగా ఏం చేశావ్?’ అన్న ప్రశ్నకు చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు పేరు చెప్పి ఆగిపోతారు. మీరు ఒక కాగితం సిద్ధం చేసుకోండి. మార్చకముందు కొలతలు, పెట్టుకున్న ఖర్చు పరిమితి, వద్దనుకున్న ఐచ్ఛికాలు, ఎందుకు వద్దనుకున్నారు, మార్చాక కొలతలు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో బొమ్మ గీస్తే ఇంకా మేలు. కోణం, ట్రెయిల్ లెక్కలే మోటార్ సైకిల్ డిజైన్‌లోనూ పునాది. మెకానికల్ వాళ్లకు తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే రావొచ్చు. చేసింది మీరే కాబట్టి తడబాటు ఉండదు.

కొనేముందు ఇవి చూసుకోండి

- ఫోర్కు గొట్టం మరలున్నదా, మరలు లేనిదా? వ్యాసం 1 అంగుళమా, 1⅛ అంగుళమా? పాతదానితో సరిపోవాలి.
- గొట్టం పొడవు పాతదానికంటే తగ్గకూడదు. కోయడం సులువు, అతికించడం కుదరదు. రెండుసార్లు కొలిచాకే కోయించండి.
- వి-బ్రేకు అయితే ఫోర్కు మీద దానికి దిమ్మెలు, డిస్క్ అయితే క్యాలిపర్ బిగించే చోటు ఉండాలి.
- ఊరూపేరూ లేని కార్బన్ ఫోర్కు జోలికి పోవద్దు. స్టీలు సాధారణంగా విరిగేముందు వంగుతుంది, కార్బన్ చెప్పకుండా విరగొచ్చు.
- బిగించే పని మెకానిక్‌తో చేయించండి, పక్కనే నిలబడి చూడండి. మొదటి రోజు ఖాళీ మైదానంలో తొక్కండి. రెండో రోజు బోల్టులన్నీ మళ్లీ సరిచూసుకుని అప్పుడు రోడ్డెక్కండి.