కరెంటు పప్పుగుత్తి - మిక్సీ కాదు సుమా!

పప్పు ఉడికింది. కుక్కరు మూత తీశారు. ఇక గుత్తి పట్టి మెదపాలి. ఒకవైపు పిల్లలకు బడి వేళవుతోంది. మరోవైపు పొలానికి వెళ్లేవారు క్యారేజీ కోసం గుమ్మంలో నిలబడ్డారు. ఇలాంటి వేళ చేతికి ఆసరాగా ఉంటుందని హ్యాండ్ బ్లెండర్ కొంటున్నవారు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. కొత్త కాపురానికి కానుకగా ఇస్తున్నవారూ ఉన్నారు.

అయితే అది ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో తెలియకుండా కొంటేనే చిక్కు. మిక్సీ చేసే పనులన్నీ ఇదీ చేస్తుందనుకుని ఎండుమిరపకాయలు వేస్తే, మోటారు కాలి కంపు కొడుతుంది. పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఏమరుపాటున బ్లేడుకు వేలు తగిలితే అంతకంటే పెద్ద నష్టం.

ఏమిటీ వస్తువు?

చూడటానికి చేతికర్ర ముక్కలా ఉంటుంది. పై భాగంలో మోటారు, దానికి మీట. కింద గిన్నె బోర్లించినట్టు ఒక తొడుగు, దాని లోపల చిన్న బ్లేడు. మిక్సీలో అయితే పదార్థాన్ని జారులోకి మార్చాలి. ఇందులో ఆ పని లేదు. కడ్డీనే గిన్నెలో ముంచి మీట నొక్కితే చాలు.

దీని పుట్టిల్లు స్విట్జర్లాండ్. రోజర్ పెరింజాకె అనే ఆయన 1950లో దీనికి పేటెంటు పొందారు. ఉడికిన కూరగాయలను మెత్తగా చేయడానికి, పాలూ గుడ్లూ గిలకొట్టడానికి అక్కడ ఇది బాగా అక్కరకు వచ్చింది. మన వంట దారి వేరు. నానిన మినప్పప్పు రుబ్బాలి. పసుపుకొమ్ము, ఎండుకొబ్బరి దంచాలి. ఈ బరువు పనుల కోసమే 1960వ దశకంలో మన దేశంలో గట్టి మోటారుతో 'సుమీత్' వంటి మిక్సీలు తయారయ్యాయి. అంటే మిక్సీ వచ్చింది రోలుకు బదులుగా. హ్యాండ్ బ్లెండర్ పప్పుగుత్తికీ, కవ్వానికీ బదులు. ఈ తేడా గుర్తుంటే సగం చిక్కు తీరినట్టే.

వేటికి పనికొస్తుంది?

తడిగా, మెత్తగా ఉన్న ప్రతిదానికీ ఇది పనికొస్తుంది. కందిపప్పు, పాలకూర పప్పు, టమాటా పప్పు కుక్కరులోనే మెదపవచ్చు. మీట నొక్కుతూ వదులుతూ మూడు నాలుగుసార్లు చేస్తే చాలు. ఆపకుండా తిప్పితే పప్పు జిగురులా తయారై రుచి చెడుతుంది. బంగాళాదుంపకూ ఇదే వర్తిస్తుంది.

చారుకు ఉడికించిన టమాటాలు, కూరలోకి వేయించిన ఉల్లి, టమాటా గుజ్జు, మామిడిపండు రసం, లస్సీ, గుడ్డు గిలకొట్టడం దీనికి సులువైన పనులు. రాగి జావ ఉండలు కడితే ఒక్కసారి తిప్పితే విడిపోతాయి. పెరుగు మీద తీసి దాచిన మీగడలో చల్లటి నీళ్లు పోసి, గిలకొట్టే బిళ్ల తగిలించి నెమ్మదిగా తిప్పితే వెన్న తేలుతుంది. వెన్న పైకి రాగానే ఆపేయాలి.

పళ్లు లేని పెద్దవారున్న ఇంట్లో దీని విలువ మరింత తెలుస్తుంది. వేరే వంట చేయనక్కర లేకుండా, అందరికీ వండిన కూరలోంచే కొంచెం తీసి మెత్తగా చేసి పెట్టవచ్చు. ఆరు నెలలు నిండిన పసిబిడ్డలకు పప్పన్నం, ఉడికిన క్యారెట్టు మెదపడానికీ పనికొస్తుంది. బిడ్డ పెరిగేకొద్దీ కాస్త పలుకుగా పెడుతూ రావాలి. ఎప్పుడూ గుజ్జే పెడితే నమలడం అలవాటు కాదు.

వేటికి వాడరాదు?

ఇడ్లీ, దోసె, గారెల పిండికి దీన్ని దించరాదు. ఎండుమిర్చి, ధనియాలు, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి అసలే వద్దు. చింతపండు గింజ, మామిడి టెంక తీయకుండా తిప్పితే బ్లేడు దెబ్బతింటుంది. తోటకూర కాడల పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది కనుక కాడలు చిన్నగా తరిగి ఉడికించాకే వాడాలి. గోంగూర పచ్చడికి మిరపకాయలు వేరే దంచుకుని, మగ్గిన ఆకును మాత్రం దీంతో మెదుపుకోవచ్చు.

కొన్ని రకాలకు చిన్న గిన్నె, అందులో తరిగే బ్లేడు, గిలకొట్టే తీగలు కూడా జతగా వస్తాయి. వీటినే బహుళ ప్రయోజన బ్లెండర్లంటారు. ఆ గిన్నెలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, వేయించిన వేరుసెనగ గుళ్లు తరుక్కోవచ్చు. సాదా రకానికీ, దీనికీ ధరలో చాలా తేడా ఉంటుంది. ఇంట్లో మిక్సీ ఉన్నవారికి సాదా రకం సరిపోతుంది. మిక్సీ లేనివారు ముందు మిక్సీ కొనుక్కోవడమే మేలు.

కొనేముందు చూడవలసినవి

పప్పూ మజ్జిగా వరకే అయితే 200 నుంచి 300 వాట్ల మోటారు చాలు. తరిగే గిన్నె కూడా వాడదలిస్తే 400 వాట్లకు తగ్గకుండా చూసుకోవాలి. వేడి పప్పులో ముంచేది కనుక కడ్డీ స్టీలుదై ఉండాలి. ప్లాస్టిక్ కడ్డీకి పసుపు మరక పడితే వదలదు. కడ్డీ మోటారు నుంచి ఊడి వచ్చే రకమైతే కుళాయి కింద కడగడం తేలిక.

దుకాణంలోనే చేతిలోకి తీసుకుని చూడాలి. బరువు మణికట్టుకు ఎక్కువనిపిస్తే, మీట బొటనవేలికి అందకపోతే ఆ రకం వద్దు. తీగ పొడవూ ముఖ్యమే. చాలా ఇళ్లలో స్విచ్చిబోర్డు ఒక గోడకు, పొయ్యి మరో గోడకు ఉంటాయి. తడినేల మీదుగా అతుకుల తీగ లాగడం ప్రమాదం. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే తీసుకోవాలి. రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే, వస్తువు మీద చదరంలో మరో చదరం గుర్తు ఉందేమో చూడాలి. లోపల రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. మూడు పిన్నులదైతే ఇంట్లో ఎర్తు సరిగ్గా ఉండి తీరాలి.

బిల్లు, దుకాణం ముద్ర వేసిన వారంటీ కార్డు జాగ్రత్త చేయాలి. వస్తువులో లోపం ఉండి అమ్మినవారు పట్టించుకోకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు.

వాడే తీరు

కుక్కరులో ఆవిరి పూర్తిగా పోయాక పొయ్యి మీద నుంచి దించాలి. ఉడుకు తగ్గేవరకు ఆగాలి. గిన్నె నిండుగా ఉండరాదు. బ్లేడు పూర్తిగా మునిగాకే మీట నొక్కాలి. బ్లేడు ఆగాకే పైకి తీయాలి. తొందరపడితే వేడి పప్పు ముఖం మీదికి చిందుతుంది. కడ్డీని అడుక్కి నొక్కిపెట్టకుండా కాస్త పైన ఆడించాలి. నాన్‌స్టిక్ గిన్నెలో తిప్పితే పూత లేస్తుంది.

ఒక నిమిషానికి మించి ఆపకుండా తిప్పరాదు. మోటారు చల్లారనిచ్చి మళ్లీ వాడాలి. ఏ రకానికి ఎంతసేపన్నది దాంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. ఓల్టేజి పడిపోయిన వేళ మోటారుకు బలం చాలదు. అప్పుడు బలవంతాన తిప్పితే కాలిపోతుంది.

కరెంటు ఖర్చుకు భయపడనక్కర లేదు. 250 వాట్లది రోజుకు 2 నిమిషాలు వాడితే ఒక యూనిట్ కాలడానికి 120 రోజులు పడుతుంది.

ప్లగ్గు తీశాకే వేలు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. బ్లేడుకు ఏదైనా చుట్టుకున్నప్పుడు ఒక చేత్తో మీట దగ్గర పట్టుకుని, మరో చేత్తో లాగడం చాలామంది చేసే పొరపాటు. మీట మీద వేలు పడితే రెప్పపాటులో గాయమవుతుంది. ముందు స్విచ్చి కట్టాలి, ప్లగ్గు ఊడదీయాలి, ఆ తర్వాతే చెంచా కాడతో పీచు తీయాలి. కరెంటు పోయినప్పుడు కూడా ప్లగ్గు తీసేయాలి. మీట జరిపి వదిలే రకమైతే, కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. తడిచేత్తో ప్లగ్గు ముట్టరాదు. మోటారు భాగాన్ని నీళ్లలో ముంచరాదు. పిల్లలకు అందే చోట పెట్టరాదు.

పని కాగానే గ్లాసెడు నీళ్లలో సబ్బు చుక్క వేసి, బ్లేడు ముంచి రెండు మూడు సెకన్లు తిప్పితే మురికి వదులుతుంది. ఆపై ప్లగ్గు తీసి కడిగి, తుడిచి ఆరబెట్టాలి.

హ్యాండ్ బ్లెండర్ వచ్చింది కదా అని పాత పప్పుగుత్తిని పొయ్యిలో పెట్టనక్కర లేదు. గోడకు తగిలించి ఉంచాలి. వానాకాలం రాత్రి కరెంటు పోయిందంటే మళ్లీ దాన్నే అందుకోవాలి!