సంఖ్యలు – కారణములు: రాజపాళయపు తెలుగు విషయమున ఒక విచారణము

రాజపాళయమున తెలుగు మాటలాడుచు తెలుగు లిపి నెఱుగని కుటుంబములు పెక్కు కలవు. విజయనగర కాలమున దక్షిణమునకు వలస వచ్చినవారి సంతతి యని ప్రతీతి గల రాజులు నేటికిని ఇంట తెలుగే పలుకుదురు. కాని ఉత్తరము వ్రాయవలసివచ్చినప్పుడు తమిళమునో ఆంగ్లమునో ఆశ్రయింతురు. దీనికి కారణ మేమని యడిగిన నొకరు ఆంగ్ల పాఠశాల లందురు. ఒకరు 2006 నాటి తమిళ విద్యా చట్ట మందురు. మఱియొకరు 1936లో రాజపాళయం మిల్లు వెలసిన పిదప మాఱిన జీవనక్రమ మందురు. అవ్వలు లేని ఇండ్లు పెరుగుటయే కారణమని పెద్దలందురు. అందఱి మాటలలోను కొంత సత్య ముండవచ్చును. ఏది ఎంతపాలు అనునదే ప్రశ్న. సమాజశాస్త్ర పరిశోధకులు ప్రతిగమన విశ్లేషణ మను గణితము నభ్యసించునది ఇట్టి ప్రశ్నల కొఱకే.

ముందుగా లెక్క దేనిని లెక్కించుచున్నదో తెలియవలెను. తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 2001 జనాభా లెక్కలలో నూటికి 5.65 మంది, 2011లో 5.87 మంది. అంతమాత్రమున తెలుగు వృద్ధిపొందినదని సంతసింపరాదు. జనాభా లెక్కలలో మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో పలికిన భాష. ఆ బిడ్డ పెద్దవాడై తన బిడ్డలతో నేమి పలుకుచున్నాడో ఆ యంకె చెప్పదు. చదువగలడో లేదో అసలే చెప్పదు.

ప్రతిగమన మను పేరు వచ్చిన విధము వినదగినది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అను ఆంగ్లేయుడు 205 దంపతుల యెత్తులను, వారి సంతానమగు 928 మంది యెత్తులను పోల్చిచూచెను. తల్లిదండ్రులు సగటుకన్న మూడంగుళములు పొడవైనచో బిడ్డలు సగటున రెండంగుళములే పొడవగుచుండిరి. సంతానము సగటువైపు మఱలుచున్నదని యాతడు దానికి ప్రతిగమన మని పేరిడెను. నేడా మాటకు అర్థము విస్తరించినది: ఒక చలరాశి మాఱినప్పుడు మఱియొకటి సగటున నెంత మాఱునో తెలుపు సరళరేఖను కనుగొనుటయే ప్రతిగమనము. కారణములుగా దలపబడునవి పలువైనపుడు తక్కినవానిని స్థిరముగా నుంచి ఒక్కొక్కదాని పాలును వేఱుచేయ యత్నించును.

ఈ బహుముఖ గణితమును సంఘ సమస్యకు తొలుదొల్త వినియోగించినవారిలో యూల్ ప్రసిద్ధుడు. 1899లో నాతడు ఇంగ్లండునందలి పేదఱికపు హెచ్చుతగ్గులను, పేదలకు ఇంటివద్దనే సాయమిచ్చు పద్ధతిని, వృద్ధుల సంఖ్యను, జనాభాను కలిపి పరిశీలించెను. ఇంటి సాయము పెరిగినచోట పేదఱికమును పెరిగెనని తేలెను. ఐనను అధస్సూచికలో నాతడు ఒక హెచ్చరిక చేర్చెను: తాను 'దీనివలన' అని వ్రాసినచోట్ల 'దీనితోగూడి' అని చదువుకొనవలెనట! సాయమువలన పేదఱికము పెరిగెనో, పేదఱికము పెరుగుటచే సాయము పెంచిరో గణిత మొక్కటే చెప్పజాలదు. తెలుగు తరగతులు మూతపడుటచే పిల్లలు తగ్గిరా, పిల్లలు తగ్గుటచే తరగతులు మూతపడెనా యను మన వివాదమును ఈ జాతిదే.

మన తార్కికుల కిది క్రొత్త విషయము కాదు. కుండ పుట్టుటకు ముందు కుమ్మరి వాకిట గాడిద యుండెను. అంతమాత్రమున గాడిద కుండకు కారణము కాదు. ముందుండియు కారణము కానిదానిని వారు అన్యథాసిద్ధ మనిరి. పరిశోధకుని పని చాలవఱకు తన యంకెలలోని గాడిదలను గుర్తించుటయే.

ఒక కల్పిత గణనము చూతము. నూర్గురు పిల్లలలో ఏబదిమంది బడిలో తెలుగు చదివిరి. వారిలో 38 మంది ఇంట తెలుగు పలుకుదురు. చదువని ఏబదిమందిలో పలుకువారు 17 మందే. బడియే తెలుగును నిలిపినదని చెప్పుటకు నోరూరును. ఇప్పు డా నూర్గురిని ఇంట అవ్వ యున్నవారు, లేనివారు అని విడదీయుదము. అవ్వ యున్నవారిలో బడిలో తెలుగు చదివినవారు 40 మందికి 36 మంది పలుకుదురు. చదువనివారు 10 మందికి 9 మంది. అవ్వ లేనివారిలో చదివినవారు 10 మందికి 2, చదువనివారు 40 మందికి 8. విడదీసి చూచినచో భేదము పూర్తిగా మాయమైనది! తెలుగు బడికి పంపు ఇండ్లలో అవ్వ లెక్కువగా నుండుటయే మొదటి భేదమునకు మూలము. ప్రతిగమన సమీకరణములో అవ్వను చేర్చుట యనగా నీ విడదీతయే. చలరాశులు పది పండ్రెండైనపుడు చేతితో చేయలేని దానిని యంత్రము చేయును.

ఇచట నూత్న విద్యార్థి యొక పొరపాటునకు లోనగును: చేర్చగలిగిన దంతయు చేర్చుట మంచిదని తలచును. తెలుగు వార్తాపత్రిక చదువుటపై బడి ప్రభావమెంతో కొలుచుచు, సమీకరణములో అక్షరజ్ఞానమును గూడ చేర్చినచో బడి ప్రభావము శూన్యముగా కన్పట్టవచ్చును. బడి పనిచేయునది అక్షరజ్ఞానముద్వారానే కదా! ద్వారమును మూసి ఇంటిలోనికెవరును రాలేదనుట వంటిది. ఏది ముందు, ఏది వెనుక, ఏది నడుమ అని కాగితముపై బాణపు గీతలతో గీచుకొనక గణితమునకు పూనుకొనరాదు. కంప్యూటరున లెక్క నిమిషములో ముగియును. ఆ గీతలకు నెలలు పట్టవచ్చును.

ఎంత విడదీసినను కంటికి కానరాని గుణములు మిగులును. తల్లిదండ్రుల పట్టుదలను ఏ పట్టికలో నింపుదుము? అందుకే కొందఱు లాటరీ నాశ్రయించిరి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఐదు జిల్లాలలోని 180 గ్రామములందు ప్రైవేటు బడులలో చదువుకొనుటకు ప్రభుత్వ పాఠశాలల పిల్లలనుండి దరఖాస్తులు గైకొని చీట్లు వేసిరి. ముందు గ్రామములకు, పిదప పిల్లలకు. చీటి వచ్చిన బిడ్డకును రాని బిడ్డకును తల్లిదండ్రుల పట్టుదల సగటున సమానమే. భేదము చీటిలోనే యున్నది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు 2015లో ప్రకటించిన ఫలితము మన కాసక్తికరము. నాలుగేండ్ల పిదప తెలుగున గాని గణితమున గాని ఇరువురి మార్కులలో చెప్పదగిన భేదము లేదు; హిందీలో మాత్రము చీటి వచ్చినవారు మిన్న. మామూలు పోలికలో ప్రైవేటు బడి పిల్లలు ఎంతో ముందున్నట్లు కన్పట్టినది చాలవఱకు ఇంటి భేదమే. ఐతే ఆ బడులు తెలుగునకు తక్కువ సమయమిచ్చియు, తక్కువ వ్యయముతోను అదే మార్కులు తెచ్చినవి. ఈ ఫలితమును ఇరుపక్షములవారును తమకనుకూలముగా చదువుకొనవచ్చును.

రాజపాళయమున చీట్లు వేయువారు లేరు. కాని చట్టమే యొక గీత గీచినది. తమిళము 2006–07లో ఒకటవ తరగతికి నిర్బంధమై, ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి 2015–16లో పదవ తరగతిని చేరెను. అనగా 2005లో బడిలో చేరిన బిడ్డయు, 2006లో చేరిన బిడ్డయు ఒకే వీథివారు, ఒకే కాలమువారు. నియమము మాత్రము వేఱు. ఈ ఇరువర్గముల లిపిజ్ఞానమును నేడు పోల్చి, అదే యేండ్లలో తమిళ మాధ్యమమున చేరిన తెలుగు పిల్లల భేదమును దానినుండి తీసివేసినచో చట్టపు పాలు కొంతవఱకు తెలియవచ్చును. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్షనుండి న్యాయస్థానములు కొన్ని వత్సరములందు మినహాయింపు నిచ్చుటచే నీ గీత కొంత చెదరినది. ఆ సంగతియు లెక్కలో చేరవలెను.

ఇట్టి పరిశీలనకు పూనుకొను సంఘము గడపగడపకును తీసికొనిపోవలసిన ప్రశ్నపత్రము దీర్ఘముగా నుండనక్కఱలేదు. ఒకటవ తరగతిలో చేరిన సంవత్సరము, ఆ బడి బోధనభాష, అప్పుడు ఇంట నున్న పెద్దలు, తల్లికి తెలుగు చదువ వచ్చునా, మిల్లులో రాత్రి షిఫ్టు చేయువారున్నారా. చివర తెలుగున నాలుగు వాక్యములు చదివించుట. చదువగలనని చెప్పినవానిని గూడ చదివించియే చూడవలెను. బడినుండి వెడలి ఊరు విడిచిన పిల్లలను వదలివేయరాదు. మిగిలినవారినే లెక్కించినచో ఆ లెక్క ఊరిదగును గాని, బడిలో చేరిన పిల్లలందఱిది కాదు.