176 వచనాలు అప్పజెప్పాక ఏం చేయాలి?

బైబిల్లో అన్నిటికంటే పెద్ద అధ్యాయం 119వ కీర్తన. మొత్తం 176 వచనాలు, ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు. హీబ్రూ అక్షరాలూ 22. మూలంలో ఒక్కో భాగంలోని ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగు బైబిల్లో ఆ భాగాల పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని కనిపించేవి ఆ అక్షరాల పేర్లే. రాసిన కవి నోటికి పట్టుబడేలాగే దీన్ని అల్లాడు. మన పల్లె చర్చిల్లో సండే స్కూలు పోటీల కోసం ఈ కీర్తన మొత్తాన్నీ కంఠతా పట్టే పిల్లలున్నారు. అప్పజెప్పగానే చప్పట్లు కొడతాం, ఒక బహుమతి చేతిలో పెడతాం, అక్కడితో వదిలేస్తాం. తొమ్మిదేళ్ల పిల్లకు నోటికి వచ్చిన ఆ 176 వచనాలు పన్నెండో ఏట ఎందుకు పనికొస్తాయి, పదిహేనో ఏట ఎందుకు పనికొస్తాయి అని మనం ఆలోచించడం లేదు.

దాని గురించే ఆలోచించి పాఠ్యక్రమం తయారుచేసుకున్న బడులున్నాయి. వాటిని క్లాసికల్ క్రిస్టియన్ స్కూళ్లు అంటారు. అమెరికాలో ఇవి ఎక్కువ. ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే చిన్న పట్టణంలో 1981లో మొదలైన లోగోస్ స్కూలును ఈ కాలపు బడుల్లో తొలివాటిలో ఒకటిగా చెబుతారు. 1990ల నుంచి వీటికి ఒక సంఘం కూడా ఉంది.

వీటి లెక్క 7తో మొదలవుతుంది. మధ్యయుగాల ఐరోపాలో చదువంటే ఏడు విద్యలు. మొదటి మూడు మాటకు సంబంధించినవి: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. తర్వాతి నాలుగు లెక్కకు సంబంధించినవి: అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. 1947లో డొరతీ సేయర్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేస్తూ, మొదటి మూడింటినీ పిల్లల వయసుతో ముడిపెట్టింది. దాదాపు తొమ్మిది నుంచి పదకొండేళ్ల దాకా చిలక వయసు. విన్నది విన్నట్టు పట్టుకుంటారు, అర్థం తెలియకపోయినా పాడుకుంటారు. పన్నెండు నుంచి పద్నాలుగు దాకా ఎదురు ప్రశ్నల వయసు. పెద్దవాళ్ల మాటలో తప్పు దొరికితే వాళ్లకు పండగే. ఆ తర్వాత తన మాట తాను చెప్పుకోవాలని తపించే వయసు. మొదటి వయసులో సరుకు నోటికి ఎక్కించాలి, రెండో వయసులో దాన్ని ప్రశ్నించడం నేర్పాలి, మూడో వయసులో దానితో రాయించాలి, మాట్లాడించాలి అన్నది ఆమె వాదం. నేటి బడులు చిలక వయసును కిందికి జరిపి, ఎల్‌కేజీ యూకేజీల నుంచి అయిదారు తరగతుల దాకా లెక్కేస్తున్నాయి.

ఆ ఏడెనిమిదేళ్లలో పిల్లలు నేర్చేది ఏమిటి? అక్షరాల ధ్వనులు, కలిపిరాత, చూచిరాత, ఉక్తలేఖనం. పన్నెండు దాకా ఎక్కాలు. వారం వారం పద్యాలు. బైబిల్ 66 పుస్తకాల పేర్లు వరసగా, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, కొన్ని కీర్తనలు. కొన్ని బడుల్లో ప్రశ్నోత్తరాల రూపంలో ఉన్న విశ్వాసపాఠం కూడా. అందులో పేరున్న ఒక ప్రశ్నావళిలో 107 ప్రశ్నలుంటాయి. చరిత్రలో ముఖ్య ఘట్టాలను తేదీలతో సహా పాటగా కట్టి పాడిస్తారు. అన్నిటికంటే మనకు వింతగా తోచేది లాటిన్. మూడో తరగతి పిల్లలు అమో, అమాస్, అమాత్ అని తాళం వేస్తూ వల్లిస్తారు. లాటిన్ నామవాచకాలు అయిదు తరగతులు. ఒక్కో మాటకు ఆరు విభక్తులు, ఏకవచన బహువచనాలు కలిపితే 12 రూపాలు.

ఇందులో మనకు కొత్తేముంది? డు, ము, వు, లు ప్రథమా విభక్తి అంటూ సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు వల్లించినవాళ్లమే మనం. అరవై సంవత్సరాల పేర్లు, 27 నక్షత్రాలు, 15 తిథులు, ఎక్కాలు, శతకం నోటికి వచ్చిన తాతలు మొన్నమొన్నటి దాకా ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. మన వీధి అరుగు మీద బడి ఎలా నడిచిందో చెప్పే గట్టి సాక్ష్యం ఒకటుంది. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న ప్రభుత్వానికి పంపిన నివేదిక అది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. పిల్లలు 6,641 మంది, అంటే బడికి పన్నెండు పదముగ్గురు. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి అరచేతిలో సున్న. మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు అని దాని అర్థం. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దాలి. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు చెప్పాలి.

క్యాంప్‌బెల్ ఈ పద్ధతిలో పొదుపును మెచ్చుకున్నాడు. చదివే సరుకును మాత్రం మెచ్చలేదు. రామాయణ భారత భాగవతాలు, అమరకోశం పిల్లలకు నోటికి వస్తాయి, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అని రాశాడు. 1823లో అదే చిలకను ఒక తెల్లదొర తప్పుగా చూపించాడు. 1947లో ఒక ఇంగ్లీషు రచయిత్రి అదే చిలకను చదువుకు మొదటి మెట్టు అంది. నా ఉద్దేశంలో ఇద్దరి మాటా నిజమే. కంఠతా పట్టడంలో తప్పు లేదు. ఆ తర్వాతి రెండు మెట్లు అరుగు బడిలో లేకపోవడమే లోటు.

ఇంకో సంగతి. ఇసుకలో దిద్దించడం, పిల్లల చేత పిల్లలకు చెప్పించడం అన్నవి ఇక్కడి నుంచే ఇంగ్లండు వెళ్లాయి. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని 1789 నుంచి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, దగ్గరలోని అరుగు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. 1797లో దానిమీద లండన్‌లో పుస్తకం వేశాడు. 1811లో ఆంగ్లికన్ చర్చి బీద పిల్లల బడుల కోసం పెట్టిన జాతీయ సంఘం ఆ ‘మద్రాసు పద్ధతి’తోనే నడిచింది. క్రైస్తవ ప్రాథమిక బడికీ మన అరుగు బడికీ చుట్టరికం ఈనాటిది కాదు.

అయితే ఆ అరుగు ఎవరిది? బళ్లారి జిల్లాలోని 6,641 మందిలో హిందూ మగపిల్లలు 6,338, ముస్లిం మగపిల్లలు 243, ఆడపిల్లలు 60. నూటికి ఒక్కరు కూడా లేరు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 1,28,50,941 జనాభాకు 12,498 బడులని 1826లో గవర్నరు థామస్ మన్రో లెక్క తేల్చాడు. అయిదు నుంచి పదేళ్ల మగపిల్లల్లో బడికి వెళ్లేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. మాల, మాదిగ వాడల పిల్లలకు ఆ అరుగు అందలేదు.

మిషనరీలు వచ్చీరాగానే ఇది మారిపోయిందనుకోవడం పొరపాటు. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి పై కులాల పిల్లల కోసం. పైవాళ్లకు చెబితే కిందికి దిగుతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పింది. మన మెట్ట ప్రాంతంలో కథ కింది నుంచే కదిలింది. నందిగామ దగ్గరి రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక కుటుంబాలు, వాటి వెనక పల్లె బడులు వచ్చాయి. అక్షరానికి దూరంగా ఉంచిన ఇళ్లలో బైబిలే మొదటి వాచకం అయింది, పురుషోత్తమ చౌదరి రాసిన క్రైస్తవ కీర్తనలే మొదటి పద్యాలయ్యాయి. ఈ మేలును నేను ఎన్నటికీ తక్కువ చేసి మాట్లాడలేను.

క్లాసికల్ క్రిస్టియన్ చదువులో మరో పాత చిక్కు ఉంది. హోమరు, వర్జిలు క్రైస్తవులు కారు. వాళ్ల దేవుళ్లు వేరు. మరి క్రైస్తవ పిల్లలు వాళ్ల కావ్యాలు చదవవచ్చా? నాలుగో శతాబ్దంలో బాసిల్ అనే బిషప్పు, చదవండి, మంచిని ఏరుకోండి అని కుర్రవాళ్లకు చెప్పాడు. మన నేల మీద ఈ చిక్కును ఒంటి మీద మోసినవాడు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఉభయభాషాప్రవీణ పట్టా పుచ్చుకున్నాడు. గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పాఠాలు చెప్పాడు. పురాణ కథలు రాస్తున్నాడని ఇటు చర్చి వాళ్లు దూరం పెట్టారు, కులం పేరుతో అటు వాళ్లు దూరం పెట్టారు. ఆయన మాత్రం తన ‘గబ్బిలం’ కావ్యంలో కాళిదాసు మేఘుణ్ని దించి గబ్బిలాన్ని ఎగరేశాడు. నోటికి పట్టిన కావ్యం, దానిమీద ప్రశ్న, చివరకు తన సొంత గొంతు. మూడు మెట్లూ అక్కడే ఉన్నాయి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇదంతా మన ఊళ్లకు ఎలా పనికొస్తుందో చూడటానికి ఇప్పుడు జగ్గయ్యపేట దగ్గరి గరికపాడుకు వద్దాం. రైతులకు గరికపాడంటే కృషి విజ్ఞాన కేంద్రం, లారీ డ్రైవర్లకు 65వ జాతీయ రహదారి మీద చెక్‌పోస్టు. ఇక్కడి పిల్లలకు లాటిన్ అక్కర్లేదు. దాని చోటులో సుమతి, వేమన, జాషువా ఉన్నారు. కాలం సరిపోతుందా అంటే లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకు 20 నిమిషాలు కంఠతాకూ దానిమీద ప్రశ్నలకూ కేటాయిస్తే ఏడాదికి 66 గంటల 40 నిమిషాలు. మొత్తం గంటల్లో సరిగ్గా పన్నెండో వంతు. వారానికి ఆరు రోజులు బడి అనుకుంటే 33 వారాలు. వారానికొక పద్యం చొప్పున అయిదేళ్లకు 165 పద్యాలు, శతకంలో ఉండే 108 కంటే ఎక్కువ.

చరిత్ర పాట కూడా దొరక్కపోదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన జగ్గయ్యపేట స్తూపం. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరున కట్టిన పేట. 1859 రాఘవాపురం. 1953 ఆంధ్ర రాష్ట్రం. 1956 ఆంధ్రప్రదేశ్. 2014లో గరికపాడు దగ్గర గీసుకున్న సరిహద్దు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి విడిపోయిన ఎన్టీఆర్ జిల్లా. ఏడు ఘట్టాలు. మూడో తరగతి పిల్లలు వారంలో పాడేస్తారు. ఆరో తరగతికి వచ్చాక ఆ సరిహద్దు ఎందుకొచ్చిందని వాళ్లను అడగాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. గుర్తింపు లేదా ప్రభుత్వ సాయం ఉన్న బడిలోనైనా తల్లిదండ్రుల అంగీకారం లేకుండా పిల్లలను మతబోధకు కూర్చోబెట్టకూడదు. 30వ అధికరణం కింద మైనారిటీలు తమ బడులు తాము పెట్టుకోవచ్చు. కాబట్టి కీర్తనలకు చోటు చర్చి బడిలో, సండే స్కూల్లో. పద్యాలకు చోటు అన్ని బడుల్లోనూ.

సేయర్స్ చెప్పిన మూడు వయసులు పరిశోధనలో తేలినవి కావు, తన బాల్యాన్ని తలుచుకుని ఆమె చెప్పినవి. ఆరేళ్ల పిల్లలు కూడా ఎందుకని అడుగుతారు. అందుకే పన్నెండో ఏడు వచ్చేదాకా ప్రశ్నను ఆపాలన్న పట్టింపును నేను ఒప్పుకోను.

సండే స్కూలు నడిపే అక్కయ్యలకూ, జగ్గయ్యపేట, నందిగామ మండలాల్లోని పంతుళ్లకూ, పంతులమ్మలకూ ఒక మనవి. పిల్లలు అప్పజెప్పడం పూర్తయ్యాక చప్పట్లు కొట్టండి, కానీ అక్కడ ఆపకండి. ఇందులో నీకు నచ్చిన మాట ఏది, ఎందుకు అని అడగండి. పెద్ద తరగతి వాళ్లను, కవితో నువ్వు ఎక్కడ ఒప్పుకోవని అడగండి. జవాబును వాళ్ల మాటల్లో నాలుగు వాక్యాలు రాయించండి. బహుమతి ఆ నాలుగు వాక్యాలకు ఇవ్వండి.