చివరి బస్సు ఎన్నింటికి?

శ్రీవారి మెట్టు దగ్గర కారు ఆపి తిరుమల కొండెక్కినవాళ్లు అలిపిరి వైపు దిగడానికి వెనకాడతారు. దిగితే ఆ కారు కోసం మళ్లీ తిరుపతి చుట్టి, శ్రీనివాసమంగాపురం దాకా పోవాలి. బస్సులో వచ్చిన భక్తుడికి ఆ బెంగ లేదు. 2388 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, ఓపికుంటే అలిపిరి దారిలో 3550 మెట్లూ దిగి, కింద దొరికిన బస్సెక్కి స్టేషనుకు చేరతాడు. ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగడంలో ఉన్న ఆనందం నడిచేవాళ్లకే తెలుసు. కొండ మొత్తాన్నీ చూసినట్టుంటుంది. కారు ఆ ఆనందాన్ని మనకు దక్కనివ్వదు. ఎక్కడ ఆపామో అక్కడికే లాక్కొస్తుంది.

వీపుకు బ్యాగు తగిలించుకుని అడవులూ కొండలూ చూడాలన్న ఉత్సాహం మన కుర్రకారులో ఈ మధ్య బాగా పెరిగింది. సంతోషించాల్సిన విషయమే. కానీ ఊరు ఎంచుకునే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ‘అక్కడ పార్కింగ్ ఉందా?’ ఆ ప్రశ్నతో మొదలైన ప్రయాణం రోడ్డు పక్క వ్యూపాయింటు దగ్గరే ఆగిపోతుంది. దాని బదులు ‘చివరి బస్సు ఎన్నింటికి?’ అని అడిగి చూడండి. వెళ్లే ఊళ్ల జాబితా మొత్తం మారిపోతుంది.

పల్లెలకు పోయే చివరి బస్సు చాలాచోట్ల ఆ రాత్రి వెనక్కి రాదు. డ్రైవరూ కండక్టరూ ఆ ఊళ్లోనే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీస్తారు. దాన్నే నైట్‌హాల్టు బస్సు అంటారు. కొండ అంచున నైట్‌హాల్టు ఉన్న ఊరు దొరికితే సగం పని అయిపోయినట్టే. పొద్దుగూకే వేళకు చేరతాం, మర్నాడు వెలుగు రాగానే నడక మొదలుపెడతాం. తిరుగు ప్రయాణంలో కూరగాయల గంపలూ, కాలేజీ పిల్లలూ మన పక్క సీట్లో ఉంటారు. ఆ ఊరి గురించి ఏ గైడూ చెప్పలేని సంగతులు ఆ సీట్లోనే దొరుకుతాయి.

అయితే ఈ బస్సుల వేళలు ఫోన్లో వెతికితే చాలావరకు కనిపించవు. అక్కడ ఎక్కువగా ఉండేవి రిజర్వేషను ఉన్న సర్వీసులే, పల్లెలకు తిరిగే పల్లెవెలుగు బస్సులు కావు. డిపోకు ఫోను చేయాలి, లేదా బస్టాండులో విచారణ కిటికీ దగ్గర అడగాలి. అన్నిటికన్నా నమ్మకమైన మాట ఆ రూట్లో తిరిగే కండక్టరుదే. వెళ్లేటప్పుడే తిరుగు బస్సు సంగతి ఆయన్నడిగి, కాగితం మీద రాసుకోండి. కొండల్లో ఫోను సిగ్నలును నమ్ముకోకూడదు.

బస్సునూ రైలునూ నమ్ముకుని తిరిగే ఈ పద్ధతికి మన దగ్గర అన్నిటికన్నా మంచి ఉదాహరణ విశాఖ మన్యం. 1960ల్లో బైలాడీలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడం కోసం కొత్తవలస - కిరండూల్ లైను వేశారు. దాన్నే కేకే లైను అంటారు. ఖనిజం కోసం తొలిచిన 58 సొరంగాల గుండా ఇప్పుడు మనమూ పోవచ్చు. విశాఖలో ఉదయం ఏడు గంటల ప్రాంతంలో కిరండూల్ ప్యాసింజరు బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, తర్వాత బొర్రా గుహలు. ఒక్కో స్టేషనుకూ గాలి చల్లబడుతూ ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ చిన్న స్టేషనుకు ఒకప్పుడు దేశంలోనే అతి ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనన్న పేరుండేది. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టె కోసం అందరూ ఎగబడతారు గానీ, నా ఓటు మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటుకే. సొరంగంలోని తడి వాసన, చీకటి తొలగి లోయ కనబడగానే పిల్లలు వేసే కేకలు అద్దాల వెనక నుంచి తెలియవు.

రైల్లోనే నేరుగా అరకు పోకండి. బొర్రా గుహల దగ్గర దిగితే గుహలు నడక దూరమే. అవి చూసుకుని, షేరు జీపులోనో ఆటోలోనో ఘాట్ రోడ్డుకు చేరి, అరకు బస్సెక్కండి. రాత్రికి అరకు. మర్నాడు పాడేరు బస్సులో డుంబ్రిగుడ దగ్గర దిగితే చాపరాయి. బండల మీద పరుచుకుని జారే ఆ నీళ్ల పక్కన కాసేపు కూర్చుని, తర్వాతి బస్సులో హుకుంపేట మీదుగా పాడేరు. మూడో రోజు పాడేరు నుంచి వి.మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ. ఎక్కింది రైల్లో ఒక కొండ వరస, దిగింది బస్సులో ఇంకో ఘాట్. వెళ్లిన దారి మళ్లీ చూడం. సొంత కారులో ఇదే చుట్టు తిరగవచ్చు, నిజమే. కానీ ఘాట్ మలుపుల్లో స్టీరింగు పట్టుకున్నవాడికి రోడ్డు తప్ప ఇంకేం కనబడుతుంది?

ఒక హెచ్చరిక. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు రైలు పట్టాల మీద నడిచే అలవాటు కొందరికుంది. అది చట్టవిరుద్ధం, పైగా ప్రాణాంతకం. ఆ లైను మీద ఖనిజం బండ్లు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. జీపు దారినే వెళ్లండి.

హైదరాబాదు వాళ్లు మొదటి ప్రయత్నానికి వికారాబాద్ రైలెక్కితే చాలు. స్టేషను నుంచి అనంతగిరి ఐదారు కిలోమీటర్లు. బ్యాగు బరువు భుజాలకు అలవాటు కావడానికి సరిపోయే దూరం. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. నగరంలో చూసిన మూసీని మనసులో పెట్టుకుని వెళ్లండి, ఆ అడవి ఎందుకు నిలవాలో అర్థమవుతుంది. రాయలసీమలో అయితే నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. దిగువ అహోబిలంలో సత్రాలున్నాయి. ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి నుంచి జ్వాలా నరసింహుడు, ఉగ్రస్తంభం వైపు పూర్తిగా నడకే, కారుకు చోటే లేదు. నల్లమల అడవి కాబట్టి అటవీ శాఖ చెప్పిన వేళలు దాటకూడదు. గుడారం ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు.

బస్సుకు లొంగని చోట్లూ ఉన్నాయి. పాడేరు దగ్గరి వంజంగిలో మేఘాలు చూడాలంటే తెల్లారక ముందే కొండ మీదుండాలి, ఆ వేళకు పల్లెవెలుగు రాదు. ముందు రోజే పాడేరు చేరి అక్కడే పడుకుంటేనే కుదురుతుంది. రాత్రంతా కారు తోలుకొచ్చి, మంచులో నిద్రమత్తుతో ఘాట్ ఎక్కడం కన్నా అదే క్షేమం. అంత తీరిక లేకపోతే వంజంగిని ఈసారికి వదిలేయండి.

బ్యాగు విషయంలో నా మాట వినండి: నలభై లీటర్లకు మించొద్దు. పల్లెవెలుగు పైఅరలో అంతకన్నా పెద్దది పట్టదు, నడవలో పెడితే ముసలివాళ్లు దాటలేరు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాలు మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆయా రాష్ట్రాల మహిళలకు టికెట్టు డబ్బుల పని లేదు. కొండలు చూడాలని ఉన్నా ఇంట్లో డబ్బడగడానికి వెనకాడిన అమ్మాయిలకు, పుణ్యక్షేత్రం తప్ప ఇంకో ఊరు ఎరగని అమ్మలకు ఇది చిన్న సంగతి కాదు. తల్లీకూతుళ్లు కలిసి ఆధార్ కార్డు పట్టుకుని ఒక చివరి స్టాపు దాకా వెళ్లి రావాలని నా కోరిక.

ఇక ప్రభుత్వాలను అడగాల్సింది ఒకటుంది. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద నడిచిన చరిత్ర మనది. ఇప్పుడు రైలు దిగినవాడికి బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే పలక కూడా చాలా స్టేషన్లలో లేదు. పర్యాటక కేంద్రం అనగానే పార్కింగు కోసం నేల చదును చేస్తారు. బొర్రా గుహల స్టేషను గోడ మీద అరకు, విశాఖ బస్సుల వేళలు, దిగువ అహోబిలంలో ఆళ్లగడ్డకు చివరి బస్సు వేళ, చాపరాయి దగ్గర పాడేరు బస్సు వేళ రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు. పర్యాటక శాఖ, ఆర్టీసీ కూడబలుక్కుంటే చలికాలం రద్దీ మొదలయ్యేలోపే ఆ పని పూర్తవుతుంది.